కందిగింజంత ఎక్కువ

కొలతలు నేర్పడమే నా కొలువు. నాంపల్లిలో ఒక సాంకేతిక శిక్షణ సంస్థలో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు స్కేలు, వెర్నియర్, మైక్రోమీటర్ పట్టుకోవడం నేర్పాను. తలవెంట్రుక మందం ఎంతో చెప్పగలను గానీ, ఇంటికి నలుగురు చుట్టాలొస్తే ఎన్ని బియ్యం పోయాలో ఈనాటికీ తెలియదు. పిల్లలు నా పాఠాన్ని చాటుగా ‘సుత్తి క్లాసు’ అనేవారు. నిజంగా సుత్తి ఉన్న క్లాసుకు నన్ను పంపింది మాత్రం ఉద్యోగం చివరి ఏడాదిలో. ఇప్పుడిప్పుడే పనుల్లో చేరుతున్న మీకు ఉపయోగపడుతుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను. ఉపయోగపడకపోతే నవ్వుకోండి. చివరికి మేమూ అదే చేశాం.

మా సంస్థ వెనకాల ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక పొడుగాటి కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగళ్ళు రెండు, గోడకు వేలాడే పట్టకార్లు. కమ్మరం కోర్సును ఎప్పుడో ఎత్తేశారు, ఆ కోర్సు నేర్పే మనిషిని మాత్రం ఎత్తెయ్యలేకపోయారు. తండ్రి దగ్గర, తాత దగ్గర ఇనుము పని నేర్చుకున్న మనిషి ఆయన. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. కొలిమి చల్లారాక ఆయనను స్టోరులో కూర్చోబెట్టారు. ఇనుమును మైనంలా వంచే చేతులతో చాక్‌పీసు డబ్బాలు, చీపుర్లు అందించి రిజిస్టర్లో సంతకాలు తీసుకునేవారు.

ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ గారికి ఒకేసారి రెండు ఆలోచనలు వచ్చాయి. ఆ షెడ్డును స్టాఫ్ స్కూటర్లకు పార్కింగ్ చెయ్యాలన్నది ఒకటి. బయటివాళ్ళు సరదాకు చేతిపనులు నేర్చుకుంటున్నారు కదా, శనివారాలు కమ్మరం నేర్పితే ఎలా ఉంటుందన్నది రెండోది. ఆలోచనలు రెండు, షెడ్డు ఒకటి. మనిషి న్యాయంగల వాడు కాబట్టి ఒక పరీక్ష పెట్టారు.

“ఎనిమిది శనివారాలు ఇస్తున్నాను. నేర్చుకునేవాళ్ళంతా కలిసి బయట జనానికి పనికొచ్చే వస్తువు ఒకటి చేసి చూపించాలి. అది నిలబడితే షెడ్డు కొలిమికి. నిలబడకపోతే స్కూటర్లకి” అన్నారు.

ఉస్తాద్‌కు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆ రెండేళ్ళు నిప్పు దగ్గర గడుస్తాయా, చీపుర్ల దగ్గర గడుస్తాయా అన్నది ఆ వస్తువే తేల్చాలి. కొలతల సాయానికి నన్ను వేశారు.

“మీరొచ్చిన్రు గద మేడం, ఇగ ఫికర్ లేదు” అన్నారు ఉస్తాద్. ఫికర్ నాతోపాటే లోపలికొచ్చిందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఎనిమిది మంది చేరారు. పళ్ళ డాక్టరమ్మ, డ్రాయింగ్ టీచరు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, కంప్యూటర్ల ముందు కూర్చుని నడుములు పట్టేసిన నలుగురు, వీళ్ళతోపాటు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలమ్మే ఒకాయన. ఏం వస్తువు చెయ్యాలో చెప్పింది ఈ పుస్తకాలాయనే.

“మూసిన దుకాణాల ముంగట కింద పట్టా పరిచి అమ్ముత మేడం. వాన పడ్డదనుకో, కింది వరస మొత్తం నాని పాపడ్ అయితది. నాకొక ఇనుప స్టాండ్ చేసియ్యున్రి, మీ పేరు చెప్పుకుంట.”

బాగుంది అనిపించింది. నేను బొమ్మ గీశాను. నాలుగు అరల స్టాండు. చుట్టూ ఉండే చట్రాన్ని మా వెల్డింగ్ విభాగం చేసిస్తుంది. ఒక్కో అరకు రెండు కడ్డీలు, పుస్తకాలు వాటి మీద కూర్చుంటాయి. అంటే ఎనిమిది కడ్డీలు, మనిషికి ఒకటి. ప్రతి కడ్డీనీ రెండు చివర్లా కిందికి వంచాలి. ఆ వంపులు చట్రంలోని రంధ్రాల్లో దిగాలి. వంపుకూ వంపుకూ మధ్య దూరం సరిగ్గా నాలుగు వందల మిల్లీమీటర్లు. తక్కువైతే అందదు, ఎక్కువైతే దిగదు.

మొదటి శనివారం నా సరంజామా అంతా పట్టుకుపోయాను. గంటలో అది సగమైంది. ప్లాస్టిక్ టేపు ఎర్రటి కడ్డీకి ముద్దుపెట్టి అక్కడే అతుక్కుపోయింది. స్టీలు స్కేలు మీద అంకెలు నల్లబడి, ఆరూ ఎనిమిదీ ఒకే రూపానికి వచ్చాయి. సుద్దతో గీత గీసి నిప్పుల్లో పెట్టాం. నుదుటి గీత చెరగదంటారు గానీ, కొలిమిలో సుద్ద గీత మాత్రం క్షణం ఆగలేదు.

ఉస్తాద్ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. “మేడం, గాడ అంకెలు చదివేటంత టైం ఉండదు. ఇనుము మన కోసం ఆగదు. ఒక్క సూపుల తేలాలె. సరిపోయిందా, ఔ. సరిపోలేదా, కాదు. గంతే” అన్నారు.

దాంతో అంకెలు లేని పనిముట్లు మేమే చేసుకోవాలని తీర్మానించాం. ఆ రెండు మూడు శనివారాలు నా ఉద్యోగ జీవితంలోకెల్లా సరదాగా గడిచాయి. ఇనుము దగ్గరికి వెళ్తే ఉత్సాహం ఇనుమడిస్తుందని అప్పుడే తెలిసింది. అరిగిపోయిన రంపపు బ్లేడ్లు రెండు తీసుకుని, కొమ్ముల్లా వంచి, ఒక రివెట్ కొడితే మందం చూసే కాలిపర్ తయారైంది. రేకు ముక్క మడిస్తే మూలమట్టం. బిస్కెట్ డబ్బా మూతకు మేకు గుచ్చి కర్ర తగిలిస్తే గుండ్రటివాటి చుట్టుకొలత తీసే చక్రం. బ్యాంకు పెద్దాయన ఆ చక్రాన్ని పుస్తకాలాయన పొట్ట చుట్టూ దొర్లించి, “మూడు చుట్లు, పైన ఇంకో ముక్క” అని ప్రకటించారు.

“ఆ ముక్క బిర్యానీది సార్, లెక్కల పట్టకున్రి” అన్నాడాయన.

అన్నిటికన్నా ముఖ్యమైనది కడ్డీ పొడవు చూసే గేజ్. ఇత్తడి పట్టీకి రెండు చివర్లా ఒక్కో గాటు. వంపులు రెండూ గాట్లలో కూర్చుంటే కడ్డీ సరిగ్గా ఉన్నట్టు. ఇది మాత్రం ఉస్తాద్ స్వయంగా, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఆకురాయితో రుద్ది చేసి గోడకు మేకు కొట్టి తగిలించారు.

ఇక్కడే నా చెయ్యి ఊరుకోలేదు. శుక్రవారం నాడు షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఆ గేజ్‌ను దించి వెర్నియర్ పెట్టి చూశాను. నాలుగు వందల నాలుగున్నర. నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కువ! మా విభాగంలో అంత తప్పు చేసినవాళ్ళను నేను వరండాలో నిలబెట్టేదాన్ని.

నాకు బాధ కలిగింది. పాపం, మా ఇద్దరికీ వయసు మీదపడింది, ఆయనకు చూపు ఆనడం లేదు అనుకున్నాను. చెబుదామంటే మా వర్క్‌షాపుల్లో ఒక మర్యాద ఉంది. పెద్ద చెయ్యి పెట్టిన కొలతను నేర్చుకునేవాళ్ళ ముందు ఎవరూ తప్పుపట్టరు. చాటుగా చెప్పినా ఆ మనిషి నొచ్చుకుంటాడు. అందుకని నా టూల్ రూములో కూర్చుని, అలాంటిదే ఇత్తడి పట్టీతో, అలాంటివే రెండు గాట్లతో, కచ్చితంగా నాలుగు వందల మిల్లీమీటర్లకు కొత్త గేజ్ చేశాను. మిల్లీమీటరులో వందోవంతు కూడా అటూ ఇటూ కాలేదు. దాన్ని ఆ మేకుకే తగిలించి, పాతదాన్ని ఇంటికి తీసుకుపోయి అల్మరాలో చీరల కింద దాచాను. ఒక పెద్దమనిషి పరువు కాపాడానన్న తృప్తితో ఆ వారం నా నడకే మారిపోయింది.

మర్నాడు శనివారం ఉస్తాద్ గేజ్‌ను మేకు మీంచి దించారు. బొటనవేలితో గాటును తడిమారు. నా వైపు చూశారు. నేను పైకప్పు రేకుల వైపు చూశాను.

“మంచిది మేడం” అని, దాన్ని డాక్టరమ్మ చేతిలో పెట్టారు.

అక్కడినుంచి పని పరుగెత్తింది. చివర్లు వంచాక కడ్డీ మొత్తాన్ని ఎర్రగా కాల్చడం, దాగలి మీద తిన్నగా కొట్టడం, ఆ వేడి మీదే గేజ్ పెట్టి చూడటం. గాట్లలో కూర్చోగానే అందరూ చప్పట్లు. “గేజ్ చెప్పిందే ఫైనల్!” అని నేను అరుస్తూ తిరిగాను. ఎనిమిది కడ్డీలూ నా గేజ్ ముందు నిగనిగలాడుతూ పాసయ్యాయి. వెల్డింగ్ విభాగం వాళ్ళు చట్రాన్ని ఆఖరి శనివారం సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక అందించారు. దాంట్లో కడ్డీలు పెట్టి చూసే వ్యవధి లేకపోయింది. కొలిచినవి కదా, చూడటమెందుకు అని ధైర్యం కూడా.

మర్నాడు ఆదివారం. ప్రిన్సిపాల్ గారు పదింటికి అబిడ్స్‌కే వచ్చి చూస్తానన్నారు. మేం ఏడింటికే చేరాం. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వాటి ముందు పుస్తకాల వాళ్ళు పట్టాలు పరుస్తున్నారు. మన పుస్తకాలాయన గోనెసంచులు విప్పకుండా స్టాండు కోసం కాచుకుని ఉన్నాడు. చట్రం నిలబెట్టాం. మొదటి కడ్డీ గౌరవం ఆయనదే. ఒక కొస రంధ్రంలో దిగింది. రెండో కొస అంచు దాకా వచ్చి ఆగింది.

“ఏంది మేడం, కడ్డీ అలిగింది? ఒక చెయ్యి ఇస్తది, ఇంకో చెయ్యి ఇయ్యదు.”

డాక్టరమ్మ కడ్డీ పెట్టాం. అంతే. టీచరుది, పెద్దాయనది, మిగిలినవన్నీ అంతే. ఎనిమిదింటికీ ఒకే జబ్బు.

హ్యాండ్‌బ్యాగులోంచి పెద్ద వెర్నియర్ తీశాను. (అది నా హ్యాండ్‌బ్యాగులో ఎందుకుందని అడగకండి. కొందరు గొడుగు పెట్టుకుంటారు.) మూడు వందల తొంభై అయిదున్నర. ఇంకోటి తొంభై ఆరు. అన్నీ నాలుగున్నర అటూ ఇటూగా తక్కువ. చట్రం మాత్రం సరిగ్గా నాలుగు వందలు.

నాలుగున్నర అన్న అంకె చూడగానే నా చెవులు వేడెక్కాయి. వేడెక్కితే ఇనుము సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి ఏడాదీ నా మొదటి క్లాసులో బోర్డు మీద రాసిన మొదటి వాక్యం అది. కొలతల గది ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలని, పిల్లల చేతి వెచ్చదనం తగిలినా కొలత తప్పుతుందని గొంతు చించుకున్నదాన్ని, నిప్పులాంటి కడ్డీని తెచ్చి చల్లటి గేజ్‌లో పెట్టి ‘ఫైనల్’ అన్నాను. ఉస్తాద్ గేజ్‌లో ఎక్కువగా ఉన్న ఆ నాలుగున్నర, కడ్డీ చల్లారితే పోగొట్టుకునే నాలుగున్నరే. ఆయన చూపు ఆనకపోవడం కాదు. ముందుచూపు అది.

దాచి లాభం లేదు. అందరి ముందూ చెప్పేశాను. “ఉస్తాద్, మీ గేజ్ నేనే మార్చిన. తప్పనుకొని.”

“నాకు తెల్సు మేడం.”

“తెల్సా! ఎట్ల?”

“నా గాటు జర వాలుగ ఉంటది. గా గేజ్‌ది సక్కగ ఉండె, ప్రెస్సు చేసిన చొక్కా లెక్క.”

“మరి చెప్పలేదేంది?”

“మీరు పెద్ద చదువు చదువుకున్నోళ్ళు. గింత సక్కగ కోసిన్రంటే ఏదో హిసాబ్ ఉంటదనుకున్న. మల్ల అందరి ముంగట మేడంను అడుగుడు తమీజ్ కాదు గద.”

“నేను మీ ఇజ్జత్ కోసం మార్చిన.”

“నేను మీ ఇజ్జత్ కోసం ఊకున్న.”

పుస్తకాలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “వారెవ్వా! మీ ఇజ్జత్ ఆయన బచాయించిండు, ఆయన ఇజ్జత్ మీరు బచాయించిన్రు. నడుమల నా స్టాండ్ ఇజ్జత్ పోయింది. పది గంటలకు సార్ వస్తడు, నాలుగు సంచుల పుస్తకాలు నెత్తి మీద పెట్టుకొని నిలవడాల్నా నేను?”

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు. నవ్వనిది ఉస్తాద్ ఒక్కరే. ఆయన కడ్డీని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఆ మొహం చూస్తే నాకు స్టోరు రూము, చీపుర్ల కట్టలు కళ్ళ ముందు నిలబడ్డాయి.

“బట్ట పొట్టిదైతే కష్టం గని, ఇనుము పొట్టిదైతే ఏమైతది?” అన్నారాయన ఉన్నట్టుండి. “కాల్చి నడుమల నాలుగు దెబ్బలేస్తే సాగుతది. నడువున్రి అందరు!”

ఎనిమిది వారాల్లో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. పుస్తకాలాయన తన కడ్డీ నా చేతిలో పెట్టాడు. “మీరు పోన్రి. సార్‌ను నేను సూస్కుంట. చేతిల పుస్తకం పెడితే మనిషి యాడికీ పోడు.”

మూడు ఆటోల్లో నాంపల్లి చేరాం. ఆదివారం ఉదయం ప్రార్థనకు మా చర్చికి వెళ్ళడం నా అలవాటు. ఆ రోజు వెళ్ళలేదు. ప్రార్థన మాత్రం ఆటోలోనే జరిగిపోయింది, అదీ మామూలుకంటే శ్రద్ధగా.

కొలిమి అంటుకునే లోపల కొత్త గేజ్ కావాలి. పాతది మా ఇంట్లో చీరల కింద ఉంది, ఇల్లేమో ఊరికి ఆ చివర. ఇత్తడి పట్టీ, ఆకురాయి తీసుకుని నేనే కూర్చున్నాను. నాలుగున్నర అని తెలిసినా, ఈసారి కొలత ఆయన్నే అడిగాను.

“నాలుగు వందలకు ఎంత ఎక్కువ పెట్టాలె ఉస్తాద్?”

“కందిగింజంత.”

ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా! “ఏ కందిగింజ? గింజగింజకు తేడా ఉంటది గద?”

ఉస్తాద్ బొగ్గులు ఎగదోస్తూ తల తిప్పకుండానే అన్నారు. “వండుకునేది మేడం.”

డాక్టరమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది. నేను వెర్నియర్‌ను బ్యాగులో వేసి, కంటికి కందిగింజ ఎంత కనబడితే అంత దూరం జరిపి గాటు పెట్టాను. తెలిసి తెలిసి తప్పు కొలత పెట్టడం నా సర్వీసులో అదే మొదలు. చెయ్యి వెనక్కి లాగుతూనే ఉంది. అయినా పెట్టాను. ఉస్తాద్ దాన్ని బొటనవేలితో తడిమి చూసి, ఈసారి నా మొహంలోకే చూస్తూ అన్నారు.

“ఇంకొక్క వెంట్రుక వాసి.”

ఆ వెంట్రుక నాకు తెలుసు. ఒక్కసారి ఆకురాయి ఆడించాను.

తరువాతి గంటన్నర ఎలా గడిచిందో క్రమంగా చెప్పలేను. కొలిమికి గాలి కొట్టే బ్లోయర్ నేను తిప్పాను. ఒకరి తరువాత ఒకరు కడ్డీ మొత్తం కాల్చి, నడుమ దెబ్బలేసి, నా ‘తప్పు’ గేజ్‌లో కూర్చోబెట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. బుస్సుమన్న ప్రతిసారీ కేకలు. ఏడు అయ్యాయి. ఎనిమిదోది పుస్తకాలాయనది. దాన్ని కొట్టేవాళ్ళు లేరు. ఉస్తాద్ సుత్తి తెచ్చి నాకు అందించారు.

“ఇన్నేండ్లు కొల్చిన్రు. ఒక్కటన్న కొట్టున్రి.”

మొదటి దెబ్బ దాగలికి తగిలింది. రెండోది ఎక్కడ తగిలిందో ఇప్పటికీ తెలియదు. మూడోది కడ్డీ మీద పడింది. ఇనుము నా చేతి కింద మెత్తగా లొంగడం తెలిసింది. పిండి ముద్ద లొంగినట్టు, కాస్త మారాం చేసి. నాకు అరవై దగ్గర పడ్డాయి. ఆ క్షణంలో ఆరేళ్ళు.

అబిడ్స్‌కు తిరిగి వచ్చేసరికి పదీ పది. ప్రిన్సిపాల్ గారు పుస్తకాలాయన స్టూలు మీద కూర్చుని ఒక వంటల పుస్తకంలో మునిగి ఉన్నారు. మేం నేరుగా పనిలోకి దిగాం. ఒక్కో కడ్డీ ‘టక్’మని దిగింది. ఏడు ‘టక్’ల తరువాత ఎనిమిదోది. అది కాస్త మెలికలు తిరిగి ఉంది.

“నా కడ్డీ పామైంది ఏంది మేడం?”

“నేనే కొట్టిన.”

“గట్లనా. అయితే మంచి పామే.” రెండు కొసలూ ఒకేసారి నొక్కాడు. టక్.

నాలుగు సంచుల పుస్తకాలు నాలుగు అరల మీదికి ఎక్కాయి. ప్రిన్సిపాల్ గారు లేచి వచ్చి రెండు చేతులతో స్టాండును ఊపి చూశారు. పక్కకు నెట్టి చూశారు. అది కదల్లేదు.

“బాగుంది. మరి ఆలస్యమెందుకైంది?”

“తప్పు నాదే సార్” అన్నాను నేను.

“లేదు సార్, నాది” అన్నారు ఉస్తాద్.

“సార్, మల్ల షురువైంది!” అని పుస్తకాలాయన నెత్తి పట్టుకున్నాడు. ఇక నేనే గేజ్ మార్చిన దగ్గరనుంచి కందిగింజ దాకా అంతా చెప్పాను. ప్రిన్సిపాల్ గారు గంభీరంగా విన్నారు. ఆ గాంభీర్యం కందిగింజ దగ్గర కూలిపోయింది. కళ్ళు తుడుచుకుని, “స్కూటర్లకు ముందు గేటు పక్కన చోటు చూస్తాను. రెండో బ్యాచ్‌కు నోటీసు మీరే పెట్టండి ఉస్తాద్” అన్నారు. వంటల పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, “ఇది రెండో భాగమయ్యా. మొదటిది ఉందా?” అని అడిగారు.

“వచ్చే ఆదివారం వస్తది సార్, మీరు రాన్రి.”

ఉస్తాద్ అప్పటికే మా వైపు వీపు పెట్టి, మూసిన షట్టరు మీద తాళాన్ని అదే పనిగా పరీక్షిస్తున్నారు. తాళంలో అంత చూడాల్సింది ఏమీ లేదు. నేను పక్కన నిలబడ్డాను. తాళం వదిలి ఆయన అన్నారు. “మేడం, చాయ్ తాగుదమా?”

చాయ్ హోటల్లో ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. షెడ్డు బయట ఎంత మర్యాదైనా సరే, కొలిమి దగ్గర మాత్రం ఎవరు తప్పుచేసినా అప్పటికప్పుడు, అందరి ముందే, పైకి చెప్పాలి. ఒప్పుకున్నారు గానీ, ఆయన వల్ల అవుతుందని నాకు నమ్మకం కలగలేదు. ముప్ఫై ఏళ్ళు నన్ను చూస్తే లేచి నిలబడిన మనిషి.

రెండో బ్యాచ్ మొదటి శనివారం. పదిమంది కొత్తవాళ్ళు. ఒక్క కడ్డీ కొట్టిన అనుభవంతో నేను వాళ్ళ ముందు నిలబడి, “కడ్డీ కొంచెం ఎర్రబడగానే తీసి వంచాలి” అని ఘనంగా సెలవిచ్చాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే ఉస్తాద్. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, తల కొంచెం వంచి, ఎంతో మర్యాదగా, పదిమందీ వినేలా అన్నారు.

“మేడం, తప్పు.”

ఉద్యోగంలో నాకు రెండు శాలువాలు, ఒక జ్ఞాపిక వచ్చాయి. అంత గౌరవం మాత్రం మరెప్పుడూ దక్కలేదు.